అనంతపురం రాతి గుట్టలు: మొక్కలు నాటాలా, కాపలా కాస్తే చాలా?

గుట్టకింది రైతు: మా ఊరి గుట్ట మీద ఏటా వానాకాలంలో గుంతలు తవ్వి మొక్కలు నాటుతున్నారు. వేసవి నాటికి మిగిలేవి గుంతలే. పైన జానెడు ఎర్రమట్టి, కింద పలకరాయి. ఈ ఖర్చు దండగ, మంటలూ మేపూ ఆపితే అడవి దానంతటదే వస్తుందని నా వాదన. కాదనేవారు చెప్పండి.

మొక్కలవాడు: కాదంటాను. విత్తనం రాల్చే తల్లిచెట్టే లేని గుట్టకు అడవి ఎక్కడినుంచి వస్తుంది? వచ్చేది సర్కారు తుమ్మ. రాయి సాకు చెప్పకండి. శేషాచలంలో ఎర్రచందనం పెరుగుతున్నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాళ్ళలోనే.

సీమవాసి: దాన్ని అక్కడ గుంత తీసి ఎవరు నాటారండీ? విత్తనం పడ్డచోట పగులు దొరికితే వేరు దిగింది, దొరకనిచోట చచ్చింది. నారేపి చెట్టూ అంతే, బండ సందులోకి తల్లివేరు దించి నిలబడుతుంది. మనం కొలతేసి వరుసగా తవ్వే గుంతకు కింద పగులుందో లేదో తెలియదు. లేకపోతే అది రాతిగిన్నె: వానకు నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది, ఎండకు పెనంలా కాలుతుంది. పైగా నర్సరీ సంచిలో చుట్టుకుపోయిన వేరు!

చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి చూడండి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వారు ఊళ్ళతో కలిసి 1990ల నుంచి కాపాడుతున్న గుట్టలవి. అక్కడ అసలు పని మంటలు పాకకుండా చూడడం, కాపలా కాయడం. బోద గడ్డి లేచింది, మొదళ్ళు చిగిర్చాయి, వాగుల వెంట ఈతచెట్లు పెరిగాయి. నాటడం లేదని కాదు, అది రెండో పని. తీరా కొండలు పచ్చబడ్డాక గాలిమరల కోసం రోడ్లు తవ్వారు, అది వేరే కడుపుమంట.

మొక్కలవాడు: మొదళ్ళున్న చోట ఒప్పుకుంటాను. వేళ్ళు కూడా పెకలించేసిన గుట్టల మాటేమిటి?

సీమవాసి: అక్కడ విత్తనం చల్లాల్సిందే. తొలకరికి ముందు, రాతికట్టల ఎగువన, ఒండ్రు ఆగే చోట. చండ్ర, సీతాఫలం, బందారు. గునపం దిగని చోట పట్టుబట్టి తవ్వడం మాత్రం వద్దు.

గొర్రెలకాపరి కొడుకు: అందరూ 'మేపు ఆపితే చాలు' అని తేలిగ్గా అంటున్నారు. మా నాన్న మందను ఎక్కడికి తోలాలి? కొత్త చిగురు కోసం గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళున్నారు, నిజమే. కానీ గుట్ట మొత్తానికి ఒకేసారి కంచె వేస్తే రాత్రిపూట తోలుతారు. వంతులవారీగా మూయండి, మూసినచోట గడ్డి కోసుకోనివ్వండి.

గుట్టకింది రైతు: ఈ వంతుల మాట మా ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు. ముందుగా ఏ వైపు మూయాలో మీ నాన్నగారినే అడిగి చెబుతారా?

గొర్రెలకాపరి కొడుకు: అడగక్కర్లేదు. పడమటి వాలు. అక్కడ ఇప్పటికే మేయడానికి ఏమీ లేదు.