అట్లాంటాకు కొత్తగా వచ్చినవారికి: బేస్‌బాల్‌ను హ్యాంక్ ఆరన్ నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా గుంటూరు నుంచి వచ్చి అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టాలో కాపురం పెట్టాము. ఆఫీసులో ఎప్పుడు చూసినా ఇక్కడి బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ గురించే మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల్లో హ్యాంక్ ఆరన్ పేరు తరచూ వినిపిస్తోంది. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. ఆయన ఎవరో, ఆయన ఆడిన నాటికీ నేటికీ ఆట ఏ విధంగా మారిందో పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు

నమస్కారమండీ. ముందుగా నిబంధనలన్నీ బట్టీ పట్టాలని ప్రయత్నించకండి. పక్కన తెలిసినవారు కూర్చుని ఉంటే నాలుగు ఆటలు చూసేసరికి అవి వాటంతటవే పట్టుబడతాయి. ఈ ఊళ్లో స్థిరపడేవారు ముందు తెలుసుకోవలసింది ఆరన్ గారి జీవితం, ఎందుకంటే ఇక్కడివారు ఆయనను తలచుకునేటప్పుడు ఆటతో పాటు ఈ ఊరు దాటివచ్చిన కాలాన్ని కూడా తలచుకుంటారు.

ఆయన 1934లో అలబామా రాష్ట్రంలోని మొబీల్‌లో పుట్టారు. నల్లవారికీ తెల్లవారికీ బడులు, బస్సు సీట్లు, మంచినీళ్ల కుళాయిలు సైతం వేరుగా ఉన్న రోజులవి. పెద్ద లీగులో (మేజర్ లీగ్, ఈ ఆటలో అత్యున్నత స్థాయి) నల్లవారికి చోటులేని ఆ కట్టుబాటును నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లో ఛేదించారు, అప్పటికి ఆరన్‌కు పదమూడేళ్లు. 1952లో నల్లవారి లీగుకు చెందిన ఇండియానాపొలిస్ క్లౌన్స్ జట్టులో కొంతకాలం ఆడారు. కుడిచేతివాటం బ్యాటర్ పిడి చివర ఎడమచేతిని, దానిపైన కుడిచేతిని ఉంచడం మన క్రికెట్‌లోనూ ఇక్కడా ఒకటే పద్ధతి. శిక్షణ ఇచ్చేవారెవరూ లేక తనంతట తానే ఆట నేర్చుకున్న ఆరన్ మాత్రం మొదట్లో చేతులను తారుమారుగా పెట్టి, ఆ పట్టుతోనే బంతిని దూరంగా కొట్టేవారు. తరువాత దానిని మార్చుకున్నారు. 1953లో జాక్సన్‌విల్ జట్టు తరఫున, దక్షిణాది రాష్ట్రాల మైనర్ లీగులో (పెద్ద లీగు కింది స్థాయిలో) అడుగుపెట్టిన తొలి నల్లజాతి ఆటగాళ్లలో ఒకరయ్యారు. సాటి ఆటగాళ్లు దిగిన హోటల్లో ఆయనకు గది ఇచ్చేవారు కాదు, వారు భోజనం చేసే చోట ఆయనకు వడ్డించేవారు కాదు. అయినా ఆ ఏడాది ఆ లీగులో ఉత్తమ ఆటగాడి పురస్కారం ఆయనకే దక్కింది.

1954లో ఆయన పెద్ద లీగులో చేరేనాటికి బ్రేవ్స్ జట్టు మిల్వాకీలో ఉండేది. 1957లో ఆ జట్టు న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ (సీజన్ చివర విజేతను తేల్చే ఫైనల్ పోటీ) గెలిచింది. 1966లో జట్టు అట్లాంటాకు తరలివచ్చింది. దక్షిణాదికి తిరిగి రావలసి వచ్చినందుకు ఆయన మనసు శంకించిందంటే ఆశ్చర్యం లేదు.

హోమ్ రన్ అంటే బంతిని మైదానం గోడ అవతలికి కొట్టడం, మన సిక్సర్ లాంటిది. పాతతరం దిగ్గజం బేబ్ రూత్ నెలకొల్పిన 714 హోమ్ రన్ల రికార్డు ఈ దేశంలో దాదాపు పూజలందుకున్న అంకె. 1973 సీజన్ ముగిసేసరికి ఆరన్ 713 దగ్గర ఆగారు. ఆ ఏడాది ఆయనకు తొమ్మిది లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. అభినందనలు చాలానే ఉన్నా, రంగును తిడుతూ, రికార్డు దాటితే చంపుతామని బెదిరిస్తూ రాసినవి గుట్టలుగా ఉండేవి. ఆయన వెంట అంగరక్షకుడు తిరగవలసి వచ్చింది, కాలేజీలో చదువుతున్న కూతురికి కూడా కాపలా పెట్టారు. ఆ ఉత్తరాలను ఆయన పారేయలేదు, జరిగినదాన్ని మరవకూడదని దాచి ఉంచుకున్నారు.

1974 ఏప్రిల్ 8 రాత్రి అట్లాంటా స్టేడియంలో, నాలుగో ఇన్నింగ్స్‌లో (ఒక ఆటకు తొమ్మిది ఉంటాయి), లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ఆల్ డౌనింగ్ వేసిన బంతిని ఆయన ఎడమవైపు గోడ అవతలికి కొట్టారు, అదే రికార్డును దాటిన 715వ హోమ్ రన్. అక్కడ నిలబడి ఉన్న బ్రేవ్స్ పిచర్ టామ్ హౌస్ దానిని పట్టుకున్నారు. ఆరన్ బేసుల (పరుగు కోసం వరుసగా తాకవలసిన నాలుగు గుర్తుల) చుట్టూ పరుగెడుతుండగా ఇద్దరు కుర్రవాళ్లు మైదానంలోకి దూకి, భుజం తట్టడానికి వెంట పరుగెత్తారు. ఇన్ని బెదిరింపుల నడుమ వాళ్లెవరో, ఎందుకొస్తున్నారో ఆ క్షణంలో ఎవరికి తెలుస్తుంది? చివరికి ఆరన్ తల్లి వచ్చి కొడుకును గట్టిగా పట్టుకున్నారు. ఆ దృశ్యాన్ని మీరు యూట్యూబ్‌లో తప్పక చూడండి, చూసేటప్పుడు ఆ తల్లి పట్టును గమనించండి.

ఇక ఆట మారిన తీరుకు వస్తాను. ఆరన్ మొత్తం 755 హోమ్ రన్లు కొట్టారు, కానీ ఏ ఒక్క సీజన్లోనూ 47 దాటలేదు. ఏ సీజన్లోనూ నూరుసార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో, బంతిని ఆటలోకి కొట్టలేక అవుటవడం) కాలేదు. ఆయన హిట్లు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సార్లు, 3,771. అందులోంచి హోమ్ రన్లన్నీ తీసేసినా మూడువేలకు పైగానే మిగులుతాయి, మూడువేల హిట్లు ఉంటే గొప్పవాడిగా లెక్కించే ఆట ఇది. జట్టుకు ఆయన తెచ్చిపెట్టిన 2,297 పరుగుల రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. అంటే ఆయన బంతిని ఆటలో ఉంచిన బ్యాటర్. మణికట్టు బలంతో ఆలస్యంగా, అతి వేగంగా తిప్పే ఆ బ్యాటు నుంచి బంతి తప్పించుకోవడం అరుదు.

తరువాతి కాలంలో ఆట మరో దారి పట్టింది. పిచర్లు గంటకు నూట యాభై కిలోమీటర్లకు పైగా వేయడం మామూలైంది, మొదటి పిచర్ అయిదారు ఇన్నింగ్స్‌కే దిగిపోయి కొత్త చేతులు వరుసగా రావడం మొదలైంది. బంతి ఏ కోణంలో, ఎంత వేగంతో బ్యాటు వదిలిందో కెమెరాలు కొలిచి చెబుతుంటే, బ్యాటర్లు కూడా కొడితే గోడ దాటాలి, లేకపోతే స్ట్రైకౌట్ అయినా సరే అన్న లెక్కకు వచ్చారు. 2018లో మొదటిసారిగా సీజన్ మొత్తంలో హిట్ల కంటే స్ట్రైకౌట్లు ఎక్కువయ్యాయి. ఆట నిడివి మూడు గంటలు దాటి సాగింది. నా దృష్టిలో ఇది ఆటకు నష్టమే. ఫీల్డర్లు ఊరికే నిలబడి ఉంటే చూసేవారికి మిగిలేదేముంది?

2023లో లీగు నిబంధనలు మార్చింది. బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో పిచర్ బంతి వేయాలి, బేసుల వెడల్పును 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, ఇన్‌ఫీల్డర్లందరినీ (బేసుల దగ్గర నిలబడే ఫీల్డర్లను) ఒకవైపు గుమికూర్చడాన్ని నిషేధించారు. ఒక్క ఏడాదిలోనే ఆట నిడివి సగటున ఇరవై నిమిషాలకు పైగా తగ్గింది, బేసులు దొంగిలించడం, అంటే బంతి కొట్టకపోయినా అదను చూసి తరువాతి బేసుకు పరుగెత్తడం, బాగా పెరిగింది. ఈ మార్పులను తిట్టే పాతకాలపు అభిమానులు మీకు తారసపడతారు. నేను మాత్రం ఇవి ఆటను ఆరన్ కాలానికి కాస్త దగ్గర చేశాయని నమ్ముతాను.

అన్నీ బాగుపడలేదు. 715వ హోమ్ రన్ కొట్టినప్పుడు తరువాత బ్యాటింగ్‌కు సిద్ధంగా నిలబడి ఉన్న యువకుడు డస్టీ బేకర్, ఆరన్ దగ్గరుండి తీర్చిదిద్దిన నల్లజాతి ఆటగాడు. అదే బేకర్ మేనేజరుగా (ముఖ్య కోచ్‌గా) 2022లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను విజేతగా నిలిపారు, కానీ ఆ వరల్డ్ సిరీస్‌లో రెండు జట్లలో కలిపి అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఒక్కరూ లేరు. 1950 తరువాత అటువంటిది జరగడం అదే మొదటిసారి. ఇప్పుడు లాటిన్ అమెరికా దేశాల నుంచి, జపాన్ నుంచి గొప్ప ఆటగాళ్లు వస్తున్నారు, అది సంతోషించవలసిన విషయమే. అయినా ఆరన్ ఇన్ని కష్టాలకోర్చి తెరిచిన తలుపు గుండా ఆయన సొంతవారు రావడం తగ్గిపోవడం నన్ను బాధిస్తుంది. ఆయన 2021 జనవరి 22న కన్నుమూశారు. అంతకు నెల ముందే, 2020 డిసెంబరులో, నల్లవారి లీగులను పెద్ద లీగులుగా గుర్తిస్తున్నట్టు ప్రకటించారు.

2007లో బ్యారీ బాండ్స్ 756వ హోమ్ రన్ కొట్టి ఆయన రికార్డును దాటారు. ఆ కాలపు ఆటపై శక్తిని పెంచే నిషిద్ధ మందుల ఆరోపణల నీడ ఉన్నందువల్ల 755నే అసలు రికార్డుగా భావించేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆఫీసులో ఈ చర్చ వస్తే తొందరపడి పక్షం తీసుకోకండి, వినండి. ఆరన్ మాత్రం ఆ రాత్రి వీడియో సందేశంలో బాండ్స్‌ను హుందాగా అభినందించారు.

ఒకరోజు బ్రేవ్స్ స్టేడియం ట్రూయిస్ట్ పార్కుకు వెళ్లండి. అక్కడికి మార్టా (నగర) రైలు లేదు, కారులో వెళ్లడమే సులువు, పార్కింగ్ ముందే కొనుక్కోవాలి. ఏప్రిల్, మే నెలల్లో వారం మధ్య జరిగే ఆటలకు టికెట్లు కాస్త తక్కువకు దొరుకుతాయి, ఎండ కూడా అంతగా ఉండదు. గంట ముందు చేరుకుని లోపలి మాన్యుమెంట్ గార్డెన్‌లో ఆరన్ విగ్రహాన్ని చూడండి.

మళ్లీ ప్రశ్న

చాలా కృతజ్ఞతలండీ. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, క్రికెట్ ఆడుతున్నాడు. వాణ్ణి ఇందులో చేర్పించవచ్చా?

జవాబు

నిస్సంకోచంగా చేర్పించండి. క్యాచ్ పట్టే కన్ను క్రికెట్ వల్ల ముందే వచ్చి ఉంటుంది. అలవాటు అడ్డువచ్చేవి రెండు. ఇక్కడ బంతి నేలను తాకకుండా వస్తుంది కాబట్టి నిటారు బ్యాటుతో ఆపే డిఫెన్స్ పనికిరాదు, కొట్టిన వెంటనే బ్యాటు అక్కడే వదిలేసి పరుగెత్తాలి. మొదటి రోజుల్లో మన పిల్లలు బ్యాటు చేతిలో పట్టుకునే బేస్ దాకా వెళ్తుంటారు, కోచ్‌లకు అది ముందే చెప్పి ఉంచండి. ఊళ్లు తిరిగి ఆడే ఖరీదైన ట్రావెల్ జట్ల జోలికి ఇప్పుడే వెళ్లకుండా, మీ ఊరి పార్కుల శాఖ నడిపే లీగులో పేరు నమోదు చేయించండి. వసంతకాలపు ఆటలకు నమోదు చలికాలంలోనే మొదలవుతుంది. గ్లవ్ కొనేటప్పుడు కుడిచేత్తో విసిరేవాడికి ఎడమచేతికి తొడుక్కునే గ్లవ్ కావాలని గుర్తుంచుకోండి, కొత్త తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి ఆటలు మొదలయ్యే ముందు కొన్ని వారాలు ఇంటి వెనక వాడితో రోజూ బంతి విసురుకుంటూ దాన్ని మెత్తబరచండి.