పాత బంగారు గనుల దగ్గర మట్టి కడిగితే ప్రమాదమా?

సైదాపురం కుర్రాడు: కేజీఎఫ్ (కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) గనులు 2001లో మూతపడ్డాయి కదా. అక్కడి దిబ్బల పక్క వాగులో మట్టి కడుగుదాం రమ్మని మా బావ ఒకటే పోరు. దొరికిన రేణువుల్ని పాదరసంతో పట్టి స్టవ్ మీద కాలుస్తాడట. నాకేమో టెన్షన్‌గా ఉంది.

పొదలకూరు మాస్టారు: అబ్బాయ్, ముందు ఆ స్టవ్ ఆపించు. నేను కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. పాదరసం మరిగేది 357 డిగ్రీల దగ్గరే అయినా, మామూలు గది వేడికే ఆవిరి వదులుతుంది. రంగుండదు, వాసనుండదు. వంటింట్లో కాలిస్తే గోడలకీ గిన్నెలకీ పడుతుంది, ఇంట్లో అందరూ పీలుస్తారు. చేతులు వణకడం, మతిమరుపు దాని పుణ్యమే.

ఆ దిబ్బలంటావా, సైనైడ్ అనే విషంతో బంగారం లాగేశాక మిగిలిన రాతి పిండి. ఎండకి సైనైడ్ కొంత విరిగిపోతుంది. రాతిలో ఆర్సెనిక్ అనే ఇంకో విషం ఉంటే మాత్రం ఎటూ పోదు. ఆ మట్టి మీద యాసిడ్ పోయబాక, సైనైడ్ మిగిలుంటే విషవాయువు లేస్తుంది. రాయి కొట్టినప్పుడు వెల్లుల్లి వాసనొస్తే ఆర్సెనిక్ రాయని అనుమానించు. దాన్ని అసలు కాల్చొద్దు.

సైదాపురం కుర్రాడు: సార్, వాగు నీళ్లు కాచి తాగితే?

పొదలకూరు మాస్టారు: కాస్తే క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ చావదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇంటి నుంచే క్యాన్ మోసుకుపో.

ఒంగోలు అక్క: లీజున్న చోట అనుమతి లేకుండా తవ్వితే కేసు కూడా అవుతుంది తమ్ముడూ. మీ బావకి అదీ చెప్పు.