నియాండర్తల్‌తో 99.7 శాతం కలుస్తాం, మనలో వాళ్ళది మాత్రం 2 శాతమే. రెండూ ఎలా నిజం?

బయాలజీ మాస్టారు, విజయనగరం:
పదో తరగతికి పరిణామం పాఠం మొదలవుతోంది. పిల్లలు యూట్యూబ్ చూసి వచ్చి అడుగుతున్నవాటికి పుస్తకంలో జవాబు లేదు. నియాండర్తల్ (అంతరించిపోయిన పాతకాలపు మానవజాతి) డీఎన్‌ఏ మనదాంతో 99.7 శాతం సరిపోతుందంటారు, మళ్ళీ మనలో నియాండర్తల్ వాటా 2 శాతమే అంటారు. చింపాంజీతోనే 98.8 శాతం కలుస్తున్నప్పుడు ఈ 2 ఎక్కడిది? ఇంకోటి. ఎముక తవ్వినవాళ్ళూ మనుషులే, ల్యాబ్‌లో ముట్టుకున్నవాళ్ళూ మనుషులే. దొరికిన డీఎన్‌ఏ వాళ్ళ చేతిది కాదని ఎలా తేలుస్తారు? వంశధార, నాగావళి ఒడ్డున అలాంటి ఎముక దొరికే వీలుందా అని కూడా ఒక పిల్ల అడిగింది.

నాగావళి గట్టు:
మాస్టారూ, ఆ రెండు అంకెలూ కొలిచేది వేర్వేరు సంగతులు. 99.7 పోలిక, 2 వారసత్వం. మీ ఇంటి బుడితి బిందె, వియ్యాలవారింటి బుడితి బిందె పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. అది పోలిక. మీ అటక మీదున్న వంద సామాన్లలో వాళ్ళింటి నుంచి సారెలో వచ్చినవి రెండే, ఇది వారసత్వం. బిందెలు ఒకలాగే ఉన్నాయి కాబట్టి అన్నీ సారెలో వచ్చినవే అనం కదా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డీఎన్‌ఏ వరసలో ఒకలాంటి అక్షరం (ఎ, టి, జి, సి అనే రసాయనాల్లో ఒకటి) మనలోనూ నియాండర్తల్‌లోనూ కనిపిస్తే, అది సుమారు 5.5 లక్షల ఏళ్ళ కిందటి ఉమ్మడి పూర్వీకుల నుంచి ఇద్దరికీ మిగిలిందా, తర్వాత కలిసినప్పుడు వచ్చిందా? ఒక్క అక్షరం చూసి చెప్పలేం. ముక్క పొడవు చూడాలి. ప్రతి తరంలోనూ క్రోమోజోముల జంట ముక్కలు మార్చుకుంటుంది. మోటు లెక్కన 10 కోట్ల అక్షరాలకి తరానికి ఒక కోత. సంకరం సుమారు 47,000 ఏళ్ళ కిందట జరిగింది, తరానికి 28 ఏళ్ళు వేసుకుంటే దాదాపు 1,700 తరాలు. 10 కోట్లని 1,700తో భాగిస్తే సగటు ముక్క 59,000 అక్షరాలు. అదే ఉమ్మడి పూర్వీకుల కాలం నాటిదైతే ఒక్కో కొమ్మ మీద 20,000 తరాలు, రెండు కొమ్మలకి 40,000. ముక్క 2,500కి పడిపోతుంది.

ఈ లెక్కతో తేలిందే కోవిడ్ ముక్క. జబ్బు తీవ్రతని పెంచేదిగా 2020లో గుర్తించిన 3వ క్రోమోజోము భాగం సుమారు 50,000 అక్షరాల పొడవు, క్రొయేషియాలోని విండియా గుహ నియాండర్తల్‌లో ఉన్నదానికి దగ్గర. దక్షిణాసియాలో సగం మంది దాకా దాని నకలు ఒకటైనా మోస్తున్నారు, ఐరోపాలో 16 శాతమే. 12వ క్రోమోజోము మీద ఇంకో నియాండర్తల్ ముక్క ఉంది, అది అదే జబ్బులో కాస్త కాపాడుతుంది. కాబట్టి వాళ్ళ జన్యువులు చెడ్డవా మంచివా అన్న చర్చ క్లాసులో పెట్టకండి, ఎటూ తేలదు.

రుమేనియాలో ఓవాసే గుహలో దొరికిన దవడ చూపించండి. సుమారు 40,000 ఏళ్ళ నాటిది. అందులో నియాండర్తల్ వాటా 6 నుంచి 9 శాతం, ముక్కలు చాలా పొడవు. అంటే నాలుగు నుంచి ఆరు తరాల వెనకే ఒక నియాండర్తల్ ముత్తాతో ముత్తవ్వో ఉన్నారన్నమాట.

పాత ఎముక:
రెండో ప్రశ్నకి నేను. ముందు ఎముక పై పొర గీకి పారేస్తారు. పళ్ళ డాక్టర్లు వాడే డ్రిల్లుతోనే, నెమ్మదిగా తిప్పుతూ సుమారు 50 మిల్లీగ్రాముల పొడి తీస్తారు. జోరుగా తిప్పితే వేడికి ఉన్న డీఎన్‌ఏ కూడా తునకలైపోతుంది. పొడిని ఒక మిల్లీలీటరు ఈడీటీఏ, ప్రోటీనేజ్-కె ద్రావణంలో వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పుతారు. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, ప్రోటీనేజ్ కొల్లాజెన్‌ని జీర్ణం చేస్తుంది. గ్వానిడిన్ ఉప్పు, ఐసోప్రొపనాల్ కలిపితే బయటపడ్డ డీఎన్‌ఏ సిలికాకి అంటుకుంటుంది, కడిగి దింపుకోవాలి. పక్కనే ఎముక పొడి వేయని ఖాళీ గొట్టం ఒకటి అన్ని దశలూ నడుస్తుంది. అందులో మనిషి డీఎన్‌ఏ తేలిందా, ఆ విడత అనుమానమే.

ఇంత చేసినా దక్కేది తక్కువ. 2010 నాటి తొలి జన్యు చిత్తుప్రతికి విండియా ఎముకలు మూడింటి నుంచి వాడిన పొడి మొత్తం 400 మిల్లీగ్రాములు. దాంట్లో వచ్చిన డీఎన్‌ఏలో 95 శాతం పైగా సూక్ష్మజీవులది.

మన చేతిదా వాళ్ళదా అన్నది చావు గుర్తుల్ని బట్టి తెలుస్తుంది. పాత డీఎన్‌ఏ సాధారణంగా వంద అక్షరాల లోపు తునకలుగా ఉంటుంది. చివర్లలో సైటోసిన్ ('సి' అక్షరం) చెడి యురాసిల్ అవుతుంది, యంత్రం దాన్ని 'టి'గా చదువుతుంది. ఈ తప్పు తునక కొసల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ. నిన్న తుమ్మినవాడి డీఎన్‌ఏలో ఈ వాలు కనిపించదు. 35 అక్షరాలకన్నా పొట్టివి సాధారణంగా వదిలేస్తారు, ఎందుకంటే అంత చిన్నది మొత్తం డీఎన్‌ఏ వరసలో ఎన్నో చోట్ల అతుక్కుంటుంది, బాక్టీరియా తునక కూడా మనిషిదిలా కనబడుతుంది.

నాకు బాగా నచ్చిన పరీక్ష వేరే. ఆ మూడు ఎముకలూ ఆడవాళ్ళవి. వాటిలో వై క్రోమోజోము తునకలు వస్తే అవి కచ్చితంగా ఎవరో మగవాడు కలిపినవే, వాటిని లెక్కపెడితే కల్తీ ఎంతో తెలిసిపోతుంది. ఒక శాతం లోపే తేలింది. 2006లో మాత్రం దెబ్బ తగిలింది. ఒకే ఎముక మీద రెండు జట్లు పనిచేస్తే జవాబులు పొంతన కుదరలేదు. ఒక జట్టు దత్తాంశంలో ఈనాటి మనుషుల డీఎన్‌ఏ కలిసిందని 2007లో తిరగ లెక్కేసినవాళ్ళు చూపించారు. ఆ తర్వాతే శుభ్రగది దాటకముందే ప్రతి తునకకీ గుర్తు అక్షరాలు అతికించడం మొదలైంది. ఆ గుర్తు లేని తునక తర్వాత వచ్చి చేరిందని అర్థం.

సిక్కోలు రాళ్ళు:
ఎముకల సంగతి. భారతదేశంలో నియాండర్తల్ ఎముక ఇంతవరకూ దొరకలేదు. తూర్పున వాళ్ళు ఉజ్బెకిస్తాన్‌లోని తెషిక్-తాష్ దగ్గర, సైబీరియాలోని ఆల్తాయ్ గుహల్లో ఉన్నారు. మధ్యప్రదేశ్‌లో హత్నోరా దగ్గర 1982లో దొరికిన నర్మద పుర్రె పైభాగం పాతదే గానీ దాన్ని నియాండర్తల్ అనలేం. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ళ కిందటి తోబా అగ్నిపర్వత బూడిదకి పైనా కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, చేసినవాళ్ళ ఎముకలు లేవు.

మన జిల్లాల్లో డీఎన్‌ఏ మీద ఆశ ఇంకా తక్కువ. స్పెయిన్‌లోని సీమా దె లోస్ ఊసోస్ గుహ ఏడాదంతా చల్లగా ఉంటుంది కాబట్టి 4,30,000 ఏళ్ళ డీఎన్‌ఏ మిగిలింది. హర్యానాలోని రాఖీగఢీలో నాలుగైదు వేల ఏళ్ళ నాటివే 61 నమూనాలు చూస్తే పనికొచ్చింది ఒక్కటి. సిక్కోలు ఎండ, ఉక్కపోత, ఏటా వరద, ఆమ్లగుణం ఉన్న ఎర్రమట్టి అన్నీ ఎముకకి శత్రువులే. పంటి పింగాణీలో ప్రోటీన్ మరీ మొండిది. స్పెయిన్‌లోనే 8 లక్షల ఏళ్ళ నాటి పన్నులో ప్రోటీన్ చదవగలిగారు. ఆశ పెట్టుకుంటే దాని మీదే.

ఇసుకలో రాయిలా బరువెక్కిన ఎముక కనిపిస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు పశువుదే. అయినా కడగొద్దు, వార్నిష్, ఫెవికాల్ పూయొద్దు, ఎండలో పెట్టొద్దు. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, పురావస్తు శాఖకి చెప్పండి. పెకలిస్తే ఏ పొరలో ఉందో పోతుంది, పొర పోతే వయసు కట్టడం కష్టం.

బయాలజీ మాస్టారు, విజయనగరం:
వారసత్వమా పోలికా అన్నది క్లాసులో చేయించడానికి ఏదైనా ఉందాండి? నలభై మంది పిల్లలు.

నాగావళి గట్టు:
ఉంది. నలుగురికో జట్టు, పది జట్లు. గ్రాఫు కాగితం మీద నాలుగు వరసలు: చింపాంజీ, నియాండర్తల్, భారతీయుడు, ఆఫ్రికాలోని యొరూబా జాతి మనిషి. 40 గళ్ళు. చింపాంజీ వరసంతా 'క', నియాండర్తల్ వరసంతా 'గ'. 'క' పాత అక్షరం, 'గ' మారిన అక్షరం. మనుషులిద్దరిలో ఒకరికే 'గ' ఉన్న చోట్లే ఈ గళ్ళు. మొదటి ఆటలో ప్రతి గడికీ నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే భారతీయుడికి 'గ', యొరూబాకి 'క'. బొరుసైతే తిరగేసి. సంకరం లేకపోతే ఇద్దరికీ 'గ'లు దాదాపు సమానం.

రెండో ఆటలో వరసగా ఉన్న 8 గళ్ళలో నాణెం లేకుండా భారతీయుడికి 'గ', యొరూబాకి 'క' రాసేయాలి. మిగతా 32కీ నాణెం. సగటున 24కి 16 రావాలి. కానీ ఒక్క జట్టులో 20-20 కూడా రావచ్చు, అక్కడే పిల్లలు ఆట తప్పంటారు. పది జట్లవీ కూడితే 240కి 160 దగ్గర, పదో పదిహేనో అటూ ఇటూగా నిలుస్తుంది. 2010లో ఇదే లెక్క లక్షల గళ్ళ మీద వేశారు. ఫ్రెంచివాళ్ళు, చైనావాళ్ళు, పాపువావాళ్ళు ముగ్గురూ ఆఫ్రికావాళ్ళకన్నా నియాండర్తల్‌కి ఒకే మోతాదులో దగ్గరగా తేలారు. ఎనిమిదీ పక్కపక్కనే ఉండాలి సుమండీ, చెల్లాచెదురుగా పెడితే ముక్క పొడవు సంగతి చూపించలేరు.

అసలు వాటా 2 శాతమే, మనం కనబడ్డానికి ఇరవై చేశామని బోర్డు మీద రాయండి. అందరిలోనూ ఉన్నది ఒకే 2 శాతం కాదని కూడా. 2,700 మందికి పైగా భారతీయుల డీఎన్‌ఏలోని ముక్కలన్నీ పోగేస్తే నియాండర్తల్ మొత్తం డీఎన్‌ఏ వరసలో సగం దాకా వచ్చింది. ఎక్స్ క్రోమోజోములో చాలా చోట్ల, 7వ దాంట్లో మాటతో ముడిపడ్డ ఫాక్స్‌పీ2 జన్యువు చుట్టుపక్కల మాత్రం ఎవరిలోనూ దాదాపు ఏమీ మిగల్లేదు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియాలోనూ అంతే.

యొరూబా వరస పక్కన సున్నా అని రాయించకండి. ఐరోపా, ఆసియాల నుంచి వెనక్కి వెళ్ళినవాళ్ళ ద్వారా అక్కడికీ సుమారు 0.3 శాతం చేరిందని 2020లో తేలింది.