కోనేటి గట్టున కూర్చున్న మనిషిని అడక్కుండా ఫోటో తీయొచ్చా?

గాంధీరోడ్డు కెమెరా:
మూడేళ్ల కిందట ఆదివారం పొద్దున కెమెరాలు తగిలించుకుని తిరిగేవాళ్లం ముగ్గురమే. ఇప్పుడు మన తిరుపతి గోవిందరాజస్వామి కోనేటి దగ్గరే ఇరవై మంది కనిపిస్తారు, సగం మందివి ఫోన్లే. సంతోషం. పోయిన వారం ఒక పెద్దాయన ఫోటో పెట్టినా. గుండుకు పూసిన గంధం ఎండి బీటలిచ్చింది, టీ గ్లాసు ఊదుకుంటా ఉంటాడు. అడిగి తీసినావా అని నలుగురు తగులుకున్నారు. అడిగితే ఆయన గ్లాసు పక్కన పెట్టి, చొక్కా సర్దుకుని, బిగుసుకుని కూర్చుంటాడు. ఇంకేం ఫోటో అది? మీరేమంటారు?

అలిపిరి మెట్టు:
రోడ్డు అందరిదీ. తీయొచ్చు.

కొర్లగుంట అమ్మాయి:
రోడ్డు అందరిదే. మొహం ఆయనది.

చిత్తూరు మామిడి:
ఏ లెన్సన్నా? 35 ఎంఎం లెన్సుతో దగ్గరికి పోతే ఆ మనిషికి తెలుస్తుంది, వద్దనొచ్చు. రోడ్డవతల నిలబడి 200 ఎంఎం జూమ్‌తో లాగితే దొంగతనమే.

గాంధీరోడ్డు కెమెరా:
50తో, నాలుగడుగుల దూరంలో తీసినా.
అమ్మాయీ, వివియన్ మేయర్ అని చికాగోలో ఆయాగా పనిచేసినామె లక్షకు పైగా ఫోటోలు తీసింది. ఎవర్ని అడిగింది? ఆమె తీయకుంటే ఆనాటి వీధుల్లో మామూలు జనం ఎట్లుండేవాళ్లో మనం చూసేవాళ్లమా? మా నాయన ఇరవై ఏళ్లు తోపుడుబండి మీద శనక్కాయలు అమ్మినాడు. బండి దగ్గరుండే ఫోటో ఒక్కటి లేదు మా ఇంట్లో. ఉండేదల్లా స్టూడియోలో పరదా ముందర కూర్చోబెట్టి తీసిందే, అందులో మా నాయన పోలికే లేదు. నేను కెమెరా పట్టింది అందుకే.

చిత్తూరు మామిడి:
నాలుగడుగులంటే సరే. జూమ్ మాత్రం తప్పే.

మంగళం బస్సు:
గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కదా.

అలిపిరి మెట్టు:
వీధిలో ఫోటో తీయకూడదని ఆ తీర్పులో యాడుందో చూపించు.

కొర్లగుంట అమ్మాయి:
మీ నాయన సంగతి చెప్పినారు, మా అమ్మ సంగతి వినండి. ఆపరేషన్ అయినాక మొక్కు తీర్చి, కొండ దిగి బస్సు కోసం మెట్ల మీద కూర్చుంది. ఏడుస్తా ఉంది. ఎవరో తీసి 'భక్తి పారవశ్యం' అని పెట్టినారు. జబ్బు సంగతి మేం ఎవరికీ చెప్పలేదు, అక్కకు సంబంధాలు చూస్తా ఉన్నాం. రెండు రోజుల్లో చిత్తూరు నుంచి బంధువుల ఫోన్లు, 'అమ్మకేమైంది' అని. నెల రోజులు గడప దాటలేదు మా అమ్మ.

గాంధీరోడ్డు కెమెరా:
బాధగా ఉందమ్మా. కానీ అది ఆ మాట రాసినోడి తప్పు. దానికి మమ్మల్నందర్నీ దొంగల్ని చేస్తే ఎట్లా? నీ లెక్కన గంగమ్మ జాతరలో కెమెరా బయటికే తీయకూడదు. బైరాగి వేషం వేసిన ఒక్కొక్కరినీ ఆపి అడగాలా?

కొర్లగుంట అమ్మాయి:
తీయొద్దని నేనెక్కడన్నా? పైకి పోయి చదవండి! నా గొడవంతా పెట్టడం గురించి. మీరు చెప్పిన మేయర్ దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆమె సామాన్లు వేలంలో పోయినాకే ఆ ఫోటోలు బయటపడినాయి. జాతరలో వేషం కట్టేది అమ్మవారికీ ఊరికీ కనపడాలనే. అదే మనిషి కొళాయి కింద కూర్చుని ఒంటికి పూసుకున్న నామం సుద్ద కడుక్కుంటా ఉంటే అది వేషం కాదు. జర్మనీలో 1907 చట్టమే ఈ తేడా చూసింది. మనిషి బొమ్మ ప్రచురించాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, ఊరేగింపులకూ సభలకూ మినహాయింపు.

గాంధీరోడ్డు కెమెరా:
నిజమే, నేను తీయడం గురించే వాదిస్తా వచ్చినా. తీయడం, పెట్టడం నాకు ఒకటే అయిపోయినాయి. అయినా ఒప్పుకోలేను. ఆ పెద్దాయన మొక్కు తీర్చుకుని ఏ ఊరికి పోయినాడో! ఇప్పుడెవర్ని అడగాల? అట్లయితే నా ఫోటోల్లో సగం పెట్టెలోనే ఉండాల.

కొర్లగుంట అమ్మాయి:
తీసిన వెంటనే స్క్రీన్ మీద చూపించి అడగండి. మీకు కావాల్సిన ఫోటో అప్పటికే పడుంటుంది కదా.

గాంధీరోడ్డు కెమెరా:
వద్దంటే?

కొర్లగుంట అమ్మాయి:
మీ దగ్గరే పెట్టుకోండి. మీ నాయన ఫోటో కూడా ఇంట్లో ఉంటే చాలనే కదా మీరు అనుకుంది.