పచ్చళ్ల ట్రైనింగుకి పది రోజులు వెళ్తే ఉపయోగం ఉంటుందా?

తణుకు కోడలు:
అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. అత్తయ్యా నేనూ ఏడాదిన్నరగా గోంగూర పచ్చడి పట్టి వాట్సాప్‌లో అమ్ముతున్నాం. వారానికి పది కిలోలు వెళ్తుంది. ఈమధ్య హైదరాబాద్ పంపిన సీసాల్లో ఒకటీ అరా బూజు పడుతున్నాయి. పోయిన వారం ఒకావిడ సీసా వెనక్కి పంపి, "పసిపిల్లలున్న ఇల్లమ్మా మాది" అంది. డబ్బు తిరిగిచ్చేశాను గానీ ఆ మాట మనసులోంచి పోవట్లేదు. అత్తయ్య నలభై ఏళ్లుగా పడుతున్న పచ్చడి, ఇంట్లో ఎప్పుడూ బూజు పట్టలేదు. పైపైన తీసేస్తే కింద బాగానే ఉంటుంది అంటారు ఆవిడ.

బ్యాంకు వాళ్లు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో అప్పడాలు, పచ్చళ్లు, మసాలా పొడుల కోర్సు ఉందట. పది రోజులు, భోజనం, వసతి ఉచితం. మా డ్వాక్రా లీడరు వెళ్లమంటోంది. వచ్చిన వంటే మళ్లీ నేర్పుతారా, లేక సర్టిఫికెట్ కోసమేనా? అన్ని రోజులు పని ఆగితే రెండు వేల పైనే పోతుంది. కిలో 400కి అమ్ముతున్నాను, సరుకులకి 230 పోను 170 మిగులుతోంది.

మా పద్ధతి ఇదీ: ఆకు కడిగి రాత్రంతా బట్ట మీద ఆరబెడతాం. పొద్దున్నే నూనెలో మగ్గించి, కారం, పోపు కలిపి, కొరియర్ అబ్బాయి పదకొండుకే వస్తాడు కాబట్టి వెంటనే సీసాల్లోకి ఎత్తి మూత బిగించేస్తాం.

ఏలూరు వాసి:
ఫుడ్ లైసెన్సు ఉందా అండీ? లేకపోతే ముందు అది చూసుకోండి. ఇంట్లోంచి అమ్మినా తప్పనిసరి. నేను 2021లో తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుంటే రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి.

తెనాలి పచ్చళ్లు:
పై ఆయన చెప్పింది చెయ్యి చెల్లీ. కానీ నంబరు వచ్చినంత మాత్రాన బూజు ఆగదు. ట్రైనింగుకి వెళ్లు.

నేను 2019లో ఒకే రోజు నలభై కిలోల మాగాయ గొయ్యి తీసి పూడ్చాను. ఆ పై నెలలోనే ఇలాంటి క్లాసుకి వెళ్లాను. మొదటి రోజు మేడమ్ అడిగిన ప్రశ్న: "ముక్క ఎండిందని మీకెలా తెలుస్తుంది?" అందరం ఒకటే జవాబు, చేత్తో పట్టుకుంటే తెలుస్తుందని. ఆవిడ త్రాసు తెప్పించి, రెండేసి గంటలకి ఒకసారి అవే ముక్కలు తూయించారు. మా చేతికి ఎండినట్టే ఉన్న ముక్కలు సాయంత్రం దాకా తగ్గుతూనే ఉన్నాయి. నా మాగాయ ఎందుకు పోయిందో అక్కడ అర్థమైంది. ఏడుపొచ్చింది. నువ్వూ కడగకముందే ఆకు తూకం రాసుకో. ఆరాక ఆ తూకానికి గానీ, అంతకన్నా కిందికి గానీ రాకపోతే పొయ్యి వెలిగించకు.

ఇక నీ బూజు సంగతి. "వెంటనే ఎత్తి మూత బిగించేస్తాం" అన్నావు చూడు, అక్కడుంది. వేడి పచ్చడి ఆవిరి మూతకి పట్టి, చల్లారాక చుక్కలై పైన పడుతుంది. బూజు అక్కడే మొదలవుతుంది. అత్తయ్యగారు జాడీకి గుడ్డతో వాసెన కట్టి ఉంటారు, ఆవిరి దారిన ఆవిరి పోయింది. ఆవిడ వంటలో లోపం లేదు, జాడీ పోయి సీసా వచ్చింది, అంతే. వెడల్పు బేసిన్‌లో పల్చటి గుడ్డ కప్పి పూర్తిగా చల్లారనివ్వు. కొరియర్ మర్నాటికి మార్చుకో. సీసా లోపల పొడిగా ఉండాలి, పచ్చడి మీద నూనె తేలాలి.

170 మిగులుతోందన్నావు. సీసా 18, లేబుల్ 4, అట్టపెట్టె 15, గ్యాసు 12 వేసుకో, 49. ఆకు గిల్లడం దగ్గర్నుంచి పది కిలోలకి మీ ఇద్దరికీ ఒక రోజు పని. బయట కూలికి వెళ్తే మనిషికి 300 అనుకున్నా కిలోకి 60. మిగిలింది 61. పదింట్లో ఒక సీసాకి డబ్బు తిరిగిచ్చావంటే కిలోకి ఇంకో 40 పోయినట్టే. చివరికి 21 రూపాయలు. అత్తయ్యగారి కష్టాన్ని నువ్వు లెక్కలో రాయట్లేదమ్మా, నాకు బాధగా ఉంది. నేనూ మా అమ్మ కష్టాన్ని మూడేళ్లు అలాగే వదిలేశాను.

ట్రైనింగు చివర్లో అప్పుల పథకాలు చెప్తారు. 2020లో కేంద్రం పెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఇచ్చేవారు, అదీ బ్యాంకు అప్పుతో ముడిపెట్టి. నేను సీలింగ్ మెషిన్ దాంతోనే కొన్నాను. కానీ ఈ 21 రూపాయల లెక్క మారేదాకా నువ్వు ఏ అప్పు జోలికీ వెళ్లకు.

బాపట్ల ఫుడ్‌టెక్:
ఒక్క మాట. బూజు పైపైన తీసి తినడం వద్దు. కంటికి కనిపించేది పైనున్నదే, దాని పోగులు లోపలికి దిగుతాయి. కొన్ని బూజులు విషం కూడా వదులుతాయి. గోంగూర బాగా పుల్లన కాబట్టి బొటులిజం (ఒక సూక్ష్మజీవి వదిలే విషంతో వచ్చే ప్రాణాంతకమైన జబ్బు) భయం తక్కువ, ఆ సూక్ష్మజీవి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4.6 కన్నా కిందుంటే పెరగదు. బూజు మాత్రం పులుపుకి లొంగదు, దానికి తడీ గాలీ ఉంటే చాలు. వెల్లుల్లి ఒక్కటే నూనెలో వేసి అమ్మే ఆలోచన ఉంటే మాత్రం అడక్కుండా చేయకండి. అందులో పులుపు లేదు.

తణుకు కోడలు:
అత్తయ్యకి అంతా చదివి వినిపించాను. వాసెన మాట రాగానే "అవును, కట్టేదాన్ని" అని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొరియర్ అబ్బాయికి ఆవిడే ఫోన్ చేసి మర్నాడు రమ్మన్నారు. సోమవారం నుంచి బ్యాచ్, పేరిచ్చాను. అక్కా, వెనక్కొచ్చిన ఆ బూజు సీసా ఇంకా పారేయలేదు. క్లాసుకి తీసుకెళ్లొచ్చా?

తెనాలి పచ్చళ్లు:
తప్పకుండా తీసుకెళ్లు. మూత తీయకుండా రెండు కవర్లు కట్టు. ఆ వారమే పట్టిన మంచి సీసా ఒకటి, లెక్కల పుస్తకం కూడా పెట్టుకో.