కందుకూరు, టంగుటూరు లాంటి ఊళ్లను నిలబెట్టింది పొగాకు షావుకార్లేనా?

రేగడినేల:
సత్రం, బడి, గుడి మండపం కట్టించారు కాబట్టి ఊరు వాళ్లదే అంటారు. ఆ డబ్బు ఎక్కడిది? ఆంధ్రాలో వర్జీనియా (సిగరెట్ల) పొగాకుకు వేలం వచ్చింది 1985లో. అంతకుముందు షావుకారు కొట్టు ముందు చెక్కు (పొగాకు బేలు) దించితే గ్రేడు చెప్పేదీ, కాటా వేసేదీ, కొనేదీ ఒక్కరే. ఆకు మెత్తగా ఉందని తేమ తరుగు, మీద గోనెపట్టా తరుగు. సత్రం గోడల్లో ఆ తరుగే ఉంది.

బ్యారన్ మేస్త్రి:
తరుగు నిజమే అన్నా. కానీ బ్యారన్ (పచ్చాకును వేడితో ఎండబెట్టే కొట్టం) సంగతి కూడా చూడు. ఒక్క లోడు కాలడానికి 5, 6 రోజులు. 35 డిగ్రీల దగ్గర ఆకు పండుబారాలి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ ఈనె ఎండేసరికి 70 దాకా పోవాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుంటుంది. వెంటిలేటర్లు తీయడం ఆలస్యమైతే ఉడికినట్టయి ఎర్రబారుతుంది. ఈనెలో తడి ఉండగా దించితే చెక్కులో బూజే. నారు, ఎరువు, కట్టెలు, రాత్రుళ్లు మంట కనిపెట్టే మనిషి... రెలుపులు (ఆకు కోతలు) మొదలవకముందే సగం ఖర్చు అయిపోతుంది. ఆ అడ్వాన్సు షావుకారు ఇచ్చిందేగా? లోడు చెడితే బాకీ వచ్చే ఏటికి జరిగేది.

రేగడినేల:
ఊరికే జరగలేదు. ఆకు తన కొట్టుకే వేయాలన్న షరతు మీద జరిగింది. వడ్డీ చిట్టాలో కనపడదు, ధరలోనే కోసేస్తారు.

గ్రేడింగ్ షెడ్డు:
మీరిద్దరూ రైతు, షావుకారు దగ్గరే తిరుగుతున్నారు. ఊరు పెరిగింది షెడ్ల చుట్టూ. అడుగాకు, నడిమాకు, కొసాకు విడదీసి, మళ్లీ నిమ్మపండు రంగు, నారింజ రంగు, గోధుమ రంగు వేరుచేసే ఆడకూలీలు లేకపోతే ఏ కంపెనీ కొంటుంది? స్థలం, పెట్టుబడి షావుకారివి, కాదనను. ఆ కూలి డబ్బులు మాత్రం ఊళ్లోనే తిరిగాయి, సంతలో, బట్టల కొట్లో, మందుల షాపులో. పెద్ద లాభాలు ఎప్పుడో గుంటూరు, మద్రాసు దారి పట్టాయి.

బ్యారన్ మేస్త్రి:
ఇది ఒప్పుకుంటా. రేగడి అన్నా, ఒక్క మాట. వేలంలో ధర అందరి ముందే పలుకుతుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది, మంచిదే. నోబిడ్ అయిన, అంటే ఎవరూ పాడని చెక్కు సంగతేంది? పాత కొట్లో ధర కోసైనా దించుకునేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరులో వెనక్కి తెచ్చుకోవాలి, బాడుగ రెండు వైపులా రైతుదే.

రేగడినేల:
ధర కోసి దించుకోబట్టే సత్రానికి రెండో అంతస్తు లేచింది మేస్త్రీ.