భూమంతా చేతికొచ్చి, కరెంటు లైన్లు కదిలాకే హైవే పని మొదలుపెట్టాలా?

కేఆర్ పురం వాసి
బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే దాదాపు 260 కిలోమీటర్లు. 2022 మేలో ప్రధాని శంకుస్థాపన చేశారు. హొసకోటె నుంచి కేజీఎఫ్ దగ్గరి సుందరపాళ్య దాకా ఉన్న కర్ణాటక ముక్క, 71 కిలోమీటర్లు, 2024 డిసెంబర్‌లో బండ్లకు వదిలారు. అక్కడ దిగితే మళ్ళీ పాత రోడ్డే. ఆంధ్రా, తమిళనాడు ముక్కలు వెనకబడ్డాయి. ఎవరిని అడిగినా రెండే కారణాలు: భూమి రాలేదు, లైన్లు కదల్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చివరి సెంటు భూమి చేతికొచ్చి, చివరి స్తంభం పక్కకు జరిగేదాకా టెండరే పిలవకూడదు. సగం రోడ్డు వేసి ఆపితే వడ్డీ పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, అదంతా చివరికి టోల్ రూపంలో మన మీదే పడుతుంది. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

సైట్ ఇంజినీర్
రోడ్డు పనుల్లో చాలాకాలంగా ఉన్నాను, సంస్థ పేరు వద్దు. మీరన్నది వినడానికి బాగుంది సార్, జరిగే పని కాదు.

ఇప్పటి పద్ధతిలో ఈపీసీ పనికి (ఖర్చంతా ప్రభుత్వానిదే) 90 శాతం, హ్యామ్ పనికి (కొంత ప్రభుత్వం, కొంత కాంట్రాక్టర్ పెట్టుబడి) 80 శాతం భూమి చూపించాకే ‘అపాయింటెడ్ డేట్’, అంటే పని అధికారికంగా మొదలయ్యే తేదీ, ఇవ్వాలి. అంటే కాగితం మీద మీరడిగేదానికి దగ్గరగానే ఉన్నాం. మిగిలిన పది, ఇరవై శాతం ఎక్కడుందన్నదే గొడవ. ఒకే చోట చివర్లో ఉంటే ఇబ్బంది లేదు. అలా ఉండదు. ఇక్కడ అర కిలోమీటరు, అక్కడ రెండు వందల మీటర్లు. మట్టి తోలే టిప్పర్ ఆ ముక్క దాటి పోలేదు. చుట్టూ తిరిగి ఊరి రోడ్డులో పోతే ఊరివాళ్ళు ఆపుతారు, వాళ్ళ రోడ్డు పాడవుతుంది కాబట్టి ఆపడం న్యాయమే.

ఆ చివరి శాతం మామూలు పట్టా భూమి కానే కాదు. అన్నదమ్ముల వాటా తగువు, గుడి మాన్యం, శ్మశానం, సాగులో ఒకరుండి రికార్డులో ఇంకొకరుండటం, ఇవే. డబ్బు ఎవరికివ్వాలో తేలకపోతే విషయం సివిల్ కోర్టుకు పోతుంది. అది తేలేదాకా టెండర్ ఆపుతామా? పైగా జాతీయ రహదారుల చట్టంలో 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామని) వచ్చాక ఏడాదిలోపు 3డీ (తీసుకున్నామని) రాకపోతే మొదటిదే చెల్లకుండా పోతుంది. మళ్ళీ సర్వే నంబర్ల దగ్గర్నుంచి మొదలు.

ఇక లైన్లు. ముందు జాయింట్ ఇన్‌స్పెక్షన్, తర్వాత విద్యుత్ శాఖ ఎస్టిమేట్, మంజూరు, డబ్బు కట్టడం, మెటీరియల్, ఆఖర్న ఎల్‌సీ, అంటే పని కోసం లైనులో సరఫరా ఆపే అనుమతి. 11 కేవీ లైనుకైతే ఎల్‌సీ దగ్గర్లోని సబ్‌స్టేషన్‌లోనే దొరుకుతుంది. 220 కేవీ టవర్ ఎత్తు పెంచాలంటే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఒప్పుకోవాలి. ఎండాకాలంలో లోడ్ ఎక్కువని సరఫరా ఆపరు. వానల్లో నల్లరేగడిలో టవర్ పునాది తవ్వలేం. ఏడాదిలో పని సాగే నెలలు కొన్నే. ఆ నెలల్లో ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందన్నదే చూడాలి.

మారతహళ్ళి మాధవి
ఫైలు సంగతి బాగా చెప్పారు. అందరూ రైతులనే అంటారు గానీ, మన బెంగళూరులోని ఈజీపుర ఫ్లైఓవర్ చూడండి. రెండున్నర కిలోమీటర్లు. 2017లో మొదలైంది, 2022లో పాత కాంట్రాక్టర్‌ను తీసేశారు. అక్కడ ఏ రైతు అడ్డం పడ్డాడు?

ఈ ఊళ్ళో భూమి లోపల ఏముందో చెప్పే పటమే సరిగా లేదు. మా వీధిలో కేబుల్ కోసం తవ్వుతూ తాగునీటి పైపు పగలగొట్టారు. జేసీబీ డ్రైవర్‌ను అడిగితే, ‘ఇక్కడ పైపు ఉందని ఎవరూ చెప్పలేదమ్మా’ అన్నాడు. పాపం అతన్ని ఏమనగలం? అతని చేతిలో కాగితం లేదు. మేం ట్యాంకర్లు తెప్పించుకున్నాం. తవ్వేముందు సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలని 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది. దాన్ని వాడని కాంట్రాక్టర్‌కు బిల్లు ఆపండి. సగం సమస్య అక్కడే పోతుంది.

లారీ శ్రీను
నాకు చట్టాలు తెలియవు. కోలారు దాటి చెన్నై దాకా ఆగి ఆగి పోతుంటే కాలే డీజిల్ ఎవరిస్తారు?

వి.కోట రైతుబిడ్డ
అందరూ లైన్లు, కేబుళ్ళు అంటున్నారు. మా పైపు సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నా, అమ్మానాన్నలు ఊళ్ళోనే. మా భూమి పోయింది మీరు చెప్పే ఎక్స్‌ప్రెస్‌వేకి కాదు, వేరే హైవేకి. దాని పేరు, ఆఫీసు పేరు వద్దు. రోడ్డు మా చేను నడిమధ్య నుంచి పోయింది. బోరు, మోటారు పెట్టె ఒక పక్క. మామిడి తోట, టమాటా వేసే మడి ఇంకో పక్క. బోరు నుంచి తోటకు రెండున్నర అంగుళాల పీవీసీ పైపు భూమిలో ఉండేది. కట్ట పోసేటప్పుడు తవ్వి పక్కన పడేశారు. నాన్న అడిగితే, ‘అది మా స్కోపులో లేదు’ అన్నారు. అండర్‌పాస్ రెండు కిలోమీటర్ల అవతల. తోటకు నీళ్ళెలా పోతాయి?

అదే కట్ట దగ్గర 11 కేవీ లైనును మాత్రం చక్కగా ఎత్తు పెంచి అవతలికి దాటించారు. దానికి ఎస్టిమేట్ ఉంది, మంజూరు ఉంది. మా పైపుకు లేదు. రోడ్డు కోసం కదిలించే లైన్లు, పైపులను యుటిలిటీ అంటారు కదా, అది ప్రభుత్వానిదైతేనేనా?

కేఆర్ పురం వాసి
తమ్ముడూ, మీ నాన్నగారి పైపు పోవడం బాధాకరమే. కానీ ఇక్కడ మాట్లాడేది వందల కిలోమీటర్ల రోడ్డు గురించి. ఒక్కో పైపు దగ్గర ఆగితే రోడ్లే రావు.

సేలం–చెన్నై ఎనిమిది వరుసల రోడ్డు గుర్తుందా? 277 కిలోమీటర్లు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు భూసేకరణ నోటిఫికేషన్లు కొట్టేసింది. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 3ఏ నోటిఫికేషన్లు చెల్లుతాయంది. రోడ్డు మాత్రం రాలేదు. కోర్టుకెళ్ళే హక్కు వద్దనను. కానీ 2013 భూసేకరణ చట్టం లెక్కన మార్కెట్ విలువ, పల్లెల్లో దానికి రెండింతల దాకా గుణకం, ఆ పైన 100 శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనపు పరిహారం) ఇస్తున్నారు. ఇంత ఇచ్చినా ఇంకా కావాలని పట్టుబట్టే నలుగురి కోసం లక్షల మంది ఆగాలా?

వి.కోట రైతుబిడ్డ
నేను పైపు అడిగితే మీరు పరిహారం అంటున్నారు. సరే, అదీ మాట్లాడదాం.

ఆ ‘మార్కెట్ విలువ’ ఎక్కడి నుంచి వస్తుంది? ఒకటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ. రెండోది, చుట్టుపక్కల మూడేళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని దాని సగటు. ఏది ఎక్కువైతే అది. మా వైపు ఎకరం కొన్నవాళ్ళు స్టాంప్ డ్యూటీ తగ్గించుకోవడానికి అసలు ధరలో కొంతే కాగితం మీద రాస్తారు. మిగతాది చేతికి. ఆ డీడ్ల సగటును గుణకంతో పెంచి, దానికి మళ్ళీ అంత కలిపినా ఊళ్ళో ఆ డబ్బుకు అంత భూమి రాదు. వంద శాతం సొలేషియం అని వినేవాళ్ళకు పండగలా ఉంటుంది. ఆ వంద దేని మీద లెక్కేశారో చూడండి.

ఇంకోటి. 1997 నుంచి 2014 దాకా జాతీయ రహదారుల చట్టం కింద పోయిన భూములకు అసలు సొలేషియమే లేదు. ఇతర ప్రాజెక్టులకు భూమి పోయినవాళ్ళకు ఇచ్చారు, జాతీయ రహదారికి పోయినవాళ్ళకు ఇవ్వలేదు. అది తప్పని 2019లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మొండితనం అంటున్నారే, కోర్టుకెళ్ళకపోతే అది వచ్చేదా?

మారతహళ్ళి మాధవి
నా యాప్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పటం లేకుండా మీరు చెప్పే ఏ పద్ధతీ పనిచేయదు.

పాత మద్రాసు రోడ్డు కాపు
నేను మాట్లాడక తప్పదు. మేం ఈ ఊరికి ఉద్యోగానికొచ్చినవాళ్ళం కాదు, తాతల నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగే. మా భూమి పెరిఫెరల్ రింగ్ రోడ్డులో ఉంది. 73 కిలోమీటర్ల రోడ్డు, తొలి నోటిఫికేషన్ 2005లో, తుది నోటిఫికేషన్ 2007లో. అప్పటి నుంచి రోడ్డూ రాలేదు, డబ్బూ రాలేదు. పేరు మాత్రం ‘బెంగళూరు బిజినెస్ కారిడార్’ అని మార్చారు.

కేఆర్ పురం గారూ, మీరన్న పద్ధతి మా మీద జరిగిపోయింది. భూమంతా వచ్చాకే పని అంటే, అది వచ్చేదాకా ఇచ్చేవాడి భూమి ఏమవుతుందో ఆలోచించారా? నోటిఫికేషన్ పడ్డ భూమి అమ్మబోతే కొనేవాడు లేడు. బ్యాంకు లోనివ్వదు. ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్ ఇవ్వరు. చెల్లెలి పెళ్ళికి ఒక మూల అమ్ముదామంటే కుదరక బయట వడ్డీకి తెచ్చాం. పక్క సర్వే నంబర్‌లో నోటిఫికేషన్ లేదు, అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. మీకు రోడ్డు ఆలస్యమైతే గంట పోతుంది. మాకు ఒక తరం పోయింది.

లారీ శ్రీను
కాపుగారు చెప్పింది నిజం. మా మామ వాళ్ళదీ అదే కథ.

కేఆర్ పురం వాసి
మీ బాధ నేను కాదనట్లేదు. అందుకే గడువు పెట్టి త్వరగా తీసుకోమంటున్నా. కానీ రైతుబిడ్డ గారు కొన్నవాళ్ళందరినీ దొంగల్లా మాట్లాడటం బాగాలేదు. నేనూ కొన్నాను. మాలూరు వైపు, ఇంటర్‌చేంజ్‌కు దగ్గర్లో సైటు. కష్టపడి సంపాదించి, లోను పెట్టి కొన్నది.

వి.కోట రైతుబిడ్డ
అదీ అసలు సంగతి. ఆ సైటు అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఎటు పోతుందో, తెలిశాక కొన్నారా, ముందా? ఎంతకు కొన్నారు, కాగితం మీద ఎంత రాశారు? మీ రోడ్డు ఆలస్యం బాధ దారి గురించి కాదు, సైటు ధర గురించి! మా నాన్న ఇచ్చిన మట్టి మీద మీ లాభం కూర్చుంది!

కేఆర్ పురం వాసి
నా రిజిస్ట్రేషన్ గురించి అడగడానికి మీరెవరు? కొనడం నేరమా? ప్రతి నెలా ఈఎంఐ కడుతున్నా. రోడ్డు వస్తుందని నమ్మి నా పిల్లల చదువు డబ్బు అక్కడ పెట్టాను. ఆ టెన్షన్ మీకు తెలియదు.

నిర్వాహకులు
వ్యక్తిగత ఆస్తుల వివరాలు అడగొద్దు. చర్చ విషయం మీదే సాగాలి.

పాత మద్రాసు రోడ్డు కాపు
నిర్వాహకులు మన్నించాలి, ఇది వ్యక్తిగతం కాదు, విషయమే ఇది. చట్టం మార్కెట్ విలువను 3ఏ నాటి తేదీ దగ్గర ఆపేస్తుంది. అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) దాకా ఏడాదికి 12 శాతం కలుపుతారు, అంతే. రోడ్డు వచ్చాక పెరిగే ధర ఇచ్చినవాడికి రాదు. పక్కన ఉన్నవాడికి, పక్కన కొన్నవాడికి వస్తుంది. కేఆర్ పురం గారి మీద నాకు కోపం లేదు, ఆయన చట్టం ఒప్పుకున్నదే చేశారు. కానీ మా రైతు ఎందుకు సంతకం పెట్టడో అడిగితే జవాబు అదే. ఆ పెరుగుదలలో వాటా ఇవ్వండి, మేమే వచ్చి హద్దు రాయి పాతిస్తాం.

మారతహళ్ళి మాధవి
వాటా అంటే అమరావతిలో చేసినట్టు ల్యాండ్ పూలింగా, భూమి తీసుకుని బదులు ప్లాటు ఇవ్వడమా? అక్కడ 2015లో మెట్ట ఎకరాకు వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళు కౌలు అన్నారు. ప్రభుత్వం మారగానే ఆ రైతులు ఏళ్ళ తరబడి రోడ్డెక్కారు. అది మీకు కావాలా?

పాత మద్రాసు రోడ్డు కాపు
మాటతో ఇస్తే వద్దు. ప్లాటు నంబర్‌తో రిజిస్టర్ చేసి ఇస్తే కావాలి.

సైట్ ఇంజినీర్
పూలింగ్ ఊరి పక్కన, రింగ్ రోడ్డుకు, ఇంటర్‌చేంజ్ దగ్గర కుదురుతుంది. పలమనేరు అవతల పొలాల మధ్య సన్నటి పట్టీలా పోయే రోడ్డుకు ప్లాట్లు ఎక్కడ ఇస్తారు? అక్కడ డబ్బే ఇవ్వాలి, ఆ డబ్బు లెక్క నిజమైన ధర మీద ఉండాలి. కాపుగారి సమస్య, రైతుబిడ్డ గారి సమస్య ఒకటి కాదు. రెండిటికీ ఒకే మందు వెతకడం వల్లే ఇంతసేపు కొట్టుకున్నాం.

రైతుబిడ్డ గారి పైపు ప్రశ్నకు నేనే ముందు జవాబివ్వాల్సింది. కట్ట పోయకముందు చెప్తే అడ్డంగా ఒక హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) వేసి, లోపల నుంచి మీ పీవీసీ పంపడం పెద్ద పని కాదు. రోడ్డు పూర్తయ్యాక అదే పనికి అనుమతి కావాలి, కట్ట కింద మిషన్‌తో తొలిచి పంపాలి, ఖర్చు ఎన్నో రెట్లు. జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు విద్యుత్ శాఖ, నీటి శాఖ, టెలికాం వాళ్ళను పిలుస్తారు. రైతును పిలవరు. పిలవాలి. బోర్లు, పైపులు, చేలోకి పోయే దారులు స్తంభాలతో పాటు అదే పటంలో ఎక్కాలి, అదే ఎస్టిమేట్‌లో పడాలి. మాధవి గారడిగే పటం పల్లెకూ కావాలంటాను.

ఇంకో మాట. జాతీయ రహదారుల చట్టం 3జీ(7)లో భూమి రెండు ముక్కలైనందుకు వచ్చే నష్టాన్ని విడిగా చూడమని చట్టమే చెబుతోంది. మీ అవార్డు కాపీలో ఆ పద్దు ఉందా?

వి.కోట రైతుబిడ్డ
నాన్నను ఫోన్‌లో చదివించుకున్నా. భూమి, చెట్లు, బోరు ఉన్నాయి. ఆ పద్దు లేదు.

సైట్ ఇంజినీర్
అయితే 3జీ(5) కింద ఆర్బిట్రేటర్‌కు (పరిహారం తగువు తేల్చే అధికారికి) అర్జీ పెట్టండి. చాలా జిల్లాల్లో కలెక్టరే ఆర్బిట్రేటర్. రెండు ముక్కల సర్వే స్కెచ్, పాత పైపు దారి, అండర్‌పాస్‌కు దూరం, మూడూ జత చేయండి. ఆలస్యం చేయొద్దు, ముందు ఒక లాయర్‌కు చూపించండి.

కేఆర్ పురం వాసి
పైపు ముందే ఎస్టిమేట్‌లో పడాలన్న దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ నా మాట మీద నేనున్నా: అది పూర్తయ్యాకే టెండర్. పని మొదలయ్యాక రైతు మాట ఏ కాంట్రాక్టరూ వినడు, పైన ఉన్న కథే సాక్ష్యం.

పాత మద్రాసు రోడ్డు కాపు
అలాగైతే టెండర్ దాకా మా భూమి మీద నోటిఫికేషన్ వేయొద్దు. దానికి ఒప్పుకుంటారా?